చవక పానా, ఆగిన మగ్గం



నగరిలోనో ఏకాంబరకుప్పంలోనో ఒక మరమగ్గాల షెడ్డు అనుకోండి. మగ్గం ఆడినంతసేపే కూలీ, మీటరుకు ఇంత అని లెక్క. నాడెను కొట్టే కర్ర దగ్గర ఒక నట్టు వదులైంది. బిగిస్తే రెండు నిమిషాల పని. పానా వేసి తిప్పితే జారింది. ఇంకాస్త బలంగా తిప్పితే నట్టు మూలలు కొరుక్కుపోయి గుండ్రమైపోయింది. ఇక దానికి ఏ పానా పట్టదు. ఉలి పెట్టి కొట్టాలి, లేదా గ్రైండరుతో కోసి తీయాలి, అదే సైజు బోల్టు కోసం అంగళ్ళు తిరగాలి. ఆ పూట మగ్గం ఆగినట్టే, ఆ పూట కూలీ పోయినట్టే. పానా కొన్ననాడు మిగిల్చుకున్నది ఏ వంద రూపాయలో అయి ఉంటుంది.

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. చదువు ముగించి వెళ్ళే పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, సొంతంగా పనిముట్లు కొనుక్కోవాలి. చేతిలో డబ్బు తక్కువ. చవకవి కొంటే పనికొస్తాయా?" మంచి కంపెనీవే కొనుక్కో నాయనా అని చెప్పేయడం తేలిక. కానీ ఆ మాట డబ్బున్నవాడికి అక్కర్లేదు, లేనివాడికి పనికిరాదు. అందుకే ఈ పూట ఆ ప్రశ్నకు కొంచెం నిదానంగా జవాబు చెప్పాలనుకుంటున్నాను.

ధర అడిగేముందు మనల్ని మనం అడగాల్సింది ఒకటుంది. ఈ పనిముట్టు పని మధ్యలో చెడిపోతే నష్టపోయేది ఏది? అదొక్కటే పోతుందంటే చవకది కొనండి, దిగులు లేదు. దాంతోపాటు నట్టో, మోటారో, నేస్తున్న గుడ్డో పోతుందంటే ఆగి ఆలోచించండి. కన్నో, వేలో, ప్రాణమో పోతుందంటే చవకది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

ముందు పానాల సంగతి చూద్దాం. పానా జారితే అందరూ ముందుగా తిట్టేది దాని ఇనుమును. చాలాసార్లు తప్పు ఇనుముది కాదు, సైజుది. మన మరమగ్గాల పుట్టిల్లు ఇంగ్లండులోని లాంకషైర్. బుల్లో, కెన్‌వర్దీ అనే ఇద్దరు 1842లో లాంకషైర్ మగ్గాన్ని తయారు చేశారు. దానికి ముందు ఏడాదే, 1841లో, జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు బోల్టుల మరలన్నీ ఒకే లెక్కలో ఉండాలని ఒక కొలతల పద్ధతి పెట్టాడు. ఆ అంగుళాల లెక్క మగ్గాలతో, మరలతో కలిసి మన దేశానికి వచ్చింది. పాత తరహా మగ్గాల్లో ఆ అంగుళాల బోల్టులు ఇప్పటికీ ఉన్నాయి. అంగట్లో వేలాడే చవక సెట్లేమో మిల్లీమీటర్లవి.

ఇప్పుడు లెక్క చూడండి. విట్‌వర్త్ పద్ధతిలో 5/16 అంగుళం బోల్టుకు వేసే నట్టు ఉందే, దాని ఎదురెదురు ముఖాల మధ్య దూరం 15.24 మిల్లీమీటర్లు. 15 నంబరు పానా దానికి ఎక్కదు. 16 వేస్తే ముప్పావు మిల్లీమీటరు ఖాళీ మిగులుతుంది. అర అంగుళం బోల్టు నట్టు 23.37 మిల్లీమీటర్లు. 24 వేస్తే అర మిల్లీమీటరు పైగా ఖాళీ. ఆ ఖాళీ ఉన్నప్పుడు పానా నట్టు ముఖాన్ని పట్టుకోదు, మూలలను మాత్రమే పట్టుకుంటుంది. అక్కడే అరుగుతుంది. 3/8 అంగుళం నట్టు 18.03 దగ్గర ఉంటుంది కాబట్టి 18 నంబరు పానా దానికి పడుతుంది. అలా దగ్గరగా కలవని సైజులకు ఎంత ఖరీదు పెట్టి మిల్లీమీటర్ల పానా కొన్నా అది నట్టును తినేస్తుంది. మగ్గాల షెడ్డు నడిపేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఇదే. కంపెనీ పేరు తరవాత చూద్దాం, ముందు మీ మగ్గం బోల్టులు అంగుళాలవా మిల్లీమీటర్లవా తేల్చుకోండి.

బైకు మెకానిక్కులది ఇంకో లెక్క. జపాన్ పద్ధతిలో తయారైన బండ్లకు 10, 12, 14 నంబర్లు ఎక్కువగా పడతాయి. పంపుసెట్టు, మోటారు, కొత్త మెషీన్ల పని చేసేవాళ్ళకు 10, 13, 17, 19 లేకుండా రోజు గడవదు. అందుకే నూటెనిమిది పీసుల సాకెట్ సెట్టు, పెట్టె మూత తెరిస్తే తళతళ మెరిసేది, తక్కువ ధరకు వస్తోందని చెప్పినప్పుడు నూటెనిమిదిలో మీ చేతికి రోజూ వచ్చేవి ఎన్నో లెక్కపెట్టుకోండి. ఏ పదో తేలతాయి. ఆ డబ్బుతో మీకు కావలసిన సైజుల్లో నాలుగైదు మంచి పానాలు విడిగా వస్తాయి. విడిగా కొనడం చిన్నతనం కాదు. పేరున్న మెకానిక్కులు చాలామంది తమ పెట్టెను అట్లా ఒక్కొక్కటిగా నింపుకున్నవాళ్ళే.

ఇక ఇనుము. మంచి పానాను ఎర్రగా కాలిన ఉక్కును అచ్చుల మధ్య పెట్టి కొట్టి చేస్తారు. క్రోమియం, వెనేడియం కొద్దిగా కలిసిన ఉక్కు అయితే ఇంకా మేలు. తరవాత దాన్ని మళ్ళీ కాల్చి, నూనెలో చల్లార్చి, గట్టిపడ్డాక ఇంకోసారి కొద్దిగా వేడి చేసి ఆ గట్టిదనాన్ని కొంచెం తగ్గిస్తారు. ఎందుకంటే మరీ గట్టిదైతే పుటుక్కున విరుగుతుంది, మెత్తదైతే బలం పెట్టినప్పుడు పానా నోరు విచ్చుకుంటుంది. ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ అనే కొలతలో చెబుతారు. పానాకు 40 పైచిలుకు చాలు. ఆకురాయికి 60 దాటాలి, లేకపోతే అది ఇనుమును కోయదు, ఇనుమే దాన్ని కోస్తుంది. చవకగా చేసేవాళ్ళు ముందు మానేసేది ఈ కాల్చి చల్లార్చే పనినే. అందులో బొగ్గు, కరెంటు, సమయం అన్నీ ఖర్చవుతాయి, పైకి మాత్రం ఏమీ కనిపించదు. రెండు పానాలకూ పైన ఒకే క్రోమ్ పూత, ఒకే మెరుపు.

కంటికి కనిపించని నాణ్యతను కొనేవాడు ఎట్లా నమ్మాలి? ఇది పాత చిక్కే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు కరిగించేవాళ్ళు. ఆ ఉక్కు కత్తుల కోసం పర్షియా దాకా పోయేది. అక్కడి వర్తకులు అంత దూరం నుంచి వచ్చి, కొలిమి దగ్గరే ఉండి తయారీ చూసుకొని సరుకు తీసుకుపోయేవాళ్ళు. మన పల్లెల్లోనూ ఉలి కావాలంటే కమ్మరి దగ్గర కూర్చొని కొట్టించుకునేవాళ్ళం. లారీ కమాను పట్టీతో కమ్మరి చేసిచ్చే ఉలి ఇవాళ్టికీ చవకే, చాలాసార్లు అంగట్లో అట్టపెట్టెలో వచ్చేదానికంటే మంచిదీను. కమాను పట్టీ ఉక్కు అసలే గట్టిపడే రకం, కాల్చడం తెలిసిన చెయ్యి కమ్మరిది. అంచు మడతపడితే తిరిగి తీసుకెళ్ళి చూపించడానికి మనిషి ఉన్నాడు. కాబట్టి తక్కువ ధర అనగానే తక్కువ రకం అనుకోవద్దు. ధర ఎందుకు తగ్గిందో తెలిస్తే సగం తీర్పు అయిపోయినట్టే.

కొలిమి దగ్గర కూర్చోలేనప్పుడు మనకు మిగిలింది పేరు. 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజీ నియమాల ప్రకారం పెట్టెలో అమ్మే సరుకు మీద చేసినవాళ్ళ పేరు, చిరునామా, బయటినుంచి తెప్పిస్తే దిగుమతిదారు పేరు, ఏ దేశంలో తయారైందో, గరిష్ఠ ధర, ఫిర్యాదు చేయడానికి నంబరు ఉండాలి. ఇవేవీ లేని పెట్టె కొంటే, రేపు అది విరిగితే అడగడానికి ఈ ప్రపంచంలో ఎవరూ లేరు. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని కింద లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోనులో బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరిదో, ఏ సరుకుకు ఇచ్చారో కనిపిస్తుంది. పానా మీద క్రోమ్ వెనేడియం అని అచ్చు గుద్దడం ఎవరైనా చేయగలరు, ఆ అక్షరాలను పరీక్ష అనుకోవద్దు. పేరున్న కంపెనీ స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడాగా ఉన్నదేమో మాత్రం చూడండి. పంజాబులోని జలంధర్, లూధియానా, రాజస్థాన్‌లోని నాగౌర్ లాంటి ఊళ్ళలో చేతి పనిముట్లు తరతరాలుగా చేస్తున్నారు. అక్కడివి పెద్ద కంపెనీలు కాకపోయినా పేరు, చిరునామా గుద్ది పంపినవి చాలా మంచివి దొరుకుతాయి. నేను చిన్న కంపెనీలకు వ్యతిరేకిని కాను, పేరు చెప్పుకోని సరుకుకు మాత్రం వ్యతిరేకిని.

అంగట్లో నిలబడి చేయగలిగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఇవి తిరుపతిలో కొన్నా, చిత్తూరులో కొన్నా, చెన్నై ప్యారీస్ కార్నర్ వీధుల్లో కొన్నా పనికొస్తాయి.

పానా కొనడానికి వెళ్ళేటప్పుడు జేబులో ఒక కొత్త బోల్టు పెట్టుకొని వెళ్ళండి, అరగనిది. దానికి పానా వేసి అటూ ఇటూ ఊపి చూడండి. కొద్దిగా ఆట ఉండాల్సిందే, లేకపోతే ఎక్కనే ఎక్కదు. కానీ టకటకమని కొట్టుకుంటూ ఉంటే పక్కన పెట్టేయండి. రింగు పానా అయితే లోపలి మూలలు శుభ్రంగా ఉన్నాయా, పూత గడ్డకట్టి ఉందా చూడండి. పూత ఎక్కడైనా పొక్కులుగా లేచి ఉంటే కొనవద్దు. ఆ పొర రేపు ఊడి బ్లేడులా చెయ్యి కోస్తుంది.

కటింగ్ ప్లేయర్ అయితే మూసి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. కోసే అంచుల మధ్య సన్నటి వెలుగు గీత కనబడితే అది తీగను కోయదు, నలుపుతుంది. కరెంటు వైరులో ఉండే సన్న రాగి పోగు ఒక్కటి తీసి, అంచు మొదట్లో, మధ్యలో, కొసలో కోసి చూడండి. మూడు చోట్లా ఒకేలా తెగాలి. రివెట్ దగ్గర పక్కకు కదలిక ఉండకూడదు.

డ్రిల్లు బిట్లు బంగారు రంగులో ఉన్నంత మాత్రాన మంచివి కావు. ఆ రంగు టైటానియం నైట్రైడ్ అనే నిజమైన పూత కావచ్చు, ఉత్త రంగూ కావచ్చు. బల్ల మీద దొర్లించి చూడండి, వంకర ఉంటే కొస గంతులేస్తుంది. హై స్పీడ్ స్టీలు అనే ఉక్కును 1900 సంవత్సరం ప్రాంతంలో అమెరికాలో టేలర్, వైట్ అనేవాళ్ళు వెలుగులోకి తెచ్చారు. దాని గొప్పతనం ఏమిటంటే దాదాపు 600 డిగ్రీల వేడి దాకా పదును పోదు. మామూలు కార్బన్ ఉక్కు బిట్టు 250 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలుపెడుతుంది. కొయ్యలో రంధ్రం వేసే వడ్రంగికి ఆ చవక బిట్టు చాలు. ఇనుప పట్టీలో వేసేవాళ్ళకు మాత్రం రెండు మూడు రంధ్రాలకే కొస నీలి రంగుకు తిరుగుతుంది, అంతటితో సరి.

కొలిచే పనిముట్లకు నేను ఎక్కువ భయపడను. ఎందుకంటే వాటిని పరీక్షించడం మన చేతుల్లో ఉంది. మూలమట్టం తీసుకోండి. ఒక పలక అంచుకు ఆనించి గీత గీయండి, మూలమట్టాన్ని తిప్పి అదే చోట మళ్ళీ గీయండి. రెండు గీతలూ ఒకటైతే అది సరైనది, విడిపోతే కాదు. డిజిటల్ వెర్నియర్ చవకవి ఇప్పుడు చాలా వస్తున్నాయి. దాన్ని పరీక్షించడానికి ఖరీదైన గేజి అక్కర్లేదు, ఒక కొత్త 6204 బేరింగు చాలు. దాని బయటి వ్యాసం 47 మిల్లీమీటర్లు, లోపలిది 20, మందం 14. మంచి కంపెనీ బేరింగు బయటి వ్యాసంలో తేడా మిల్లీమీటరులో నూరో వంతుకు అటూ ఇటూగానే ఉంటుంది. వెర్నియర్ పెట్టి చూడండి. 47.00 దగ్గర చూపిస్తూ, తీసి పెట్టినప్పుడల్లా అదే అంకె చూపిస్తే, ఎంత చవకదైనా షెడ్డు పనికి ధైర్యంగా వాడుకోండి. పూటకో అంకె చూపిస్తే దాన్ని నమ్మి షాఫ్టు తరిమెన పట్టించవద్దు. షాఫ్టు పాడవుతుంది, లేత్ కూలీ పోతుంది, బేరింగూ కూర్చోదు. ఇంకో మాట: టేపు కొసన ఉండే కొక్కెం కొద్దిగా ముందుకూ వెనక్కూ కదులుతుంది. అది లోపం అనుకొని చాలామంది సుత్తితో కొట్టి బిగిస్తారు. ఆ కదలిక కావాలనే పెట్టింది, కొక్కెం మందం ఎంతో అంతే కదులుతుంది. లోపలి కొలత, బయటి కొలత రెండూ సరిగ్గా రావడానికి అది అవసరం.

ఇక భయపడాల్సిన చోటికి వస్తాను. ఇక్కడ నేను డబ్బు మాట వినను.

నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. అంటే దాని కటింగ్ వీల్ అంచు సెకనుకు దాదాపు 58 మీటర్లు, గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతుంటుంది. ఆ వేగంలో వీల్ పగిలితే ముక్క ఎటు పోతుందో చెప్పలేం, మన ముఖం మాత్రం దానికి ఎదురుగానే ఉంటుంది. మంచి వీల్ మీద ఎన్ని చుట్ల దాకా తట్టుకుంటుందో రాసి ఉంటుంది, సాధారణంగా సెకనుకు 80 మీటర్ల వేగం గుర్తు ఉంటుంది. మధ్య ఇనుప రింగు మీద గడువు తేదీ కూడా ఉంటుంది. వీల్‌లో రాతి పొడిని పట్టి ఉంచే జిగురు తేమకు, కాలానికి బలహీనమవుతుంది, అందుకే గడువు. ఈ రాతలేవీ లేని వీల్ పది రూపాయలకు వచ్చినా ముట్టుకోవద్దు. కవరు ఊడదీసి చిన్న గ్రైండరుకు ఏడంగుళాల వీల్ బిగించేవాళ్ళు ఉన్నారు. ఆ వీల్ తట్టుకునేది 8,500 చుట్లే. దయచేసి ఆ పని చేయవద్దు, చేసేవాళ్ళు కనిపిస్తే ఆపండి.

కరెంటు పనిముట్లూ అంతే. మరమగ్గాల షెడ్డులో మోటార్లకు మూడు ఫేజుల 415 వోల్టుల కరెంటు ఉంటుంది. ప్లేయర్ పిడికి తొడిగిన ఎర్రటి ప్లాస్టిక్కు చాలాసార్లు పట్టు కోసం మాత్రమే, కరెంటును ఆపడానికి కాదు. కరెంటు పనికి పనికొచ్చే వాటి మీద 1000 వోల్టులని, పక్కనే జంట త్రిభుజాల గుర్తు ఉంటుంది. స్క్రూడ్రైవర్ లాంటి టెస్టరు లోపల ఒక రెసిస్టర్ ఉంటుంది. మన వంట్లోంచి పోయే కరెంటును ప్రమాదం లేనంత సన్నగా చేసేది అదొక్కటే. అది సరిగ్గా లేని టెస్టరు మీద వేలు పెట్టడమంటే తీగ మీద వేలు పెట్టడమే. జాకీ, చైన్‌పుల్లీ, నిచ్చెన, కంటి అద్దాలు కూడా ఇదే వరుసలోవి. జాకీ ఎంత ఖరీదైనదైనా, దాని మీద మాత్రమే నిలబెట్టిన బండి కింద ఎవరూ దూరవద్దు. స్టాండు పెట్టండి.

ఇంత చెప్పాక, చవకవి నిశ్చింతగా కొనగలిగినవి ఏమిటని అడగవచ్చు. చాలానే ఉన్నాయి. తీగ బ్రష్షు, నూనె డబ్బా, గ్రీసు పూసే బ్రష్షు, పనిముట్ల పెట్టె, అయస్కాంతపు పళ్ళెం, దారం మట్టం, తేలిక పనికి వాడే సీ క్లాంపు. ఇవి చెడితే ఇవే పోతాయి. జీవితంలో ఒకటి రెండు సార్లు తప్ప అక్కర్లేని హోల్ సా లాంటివి కూడా చవకవే కొనండి, లేదా అడిగి తెచ్చుకోండి. ఏదైనా పనిముట్టు మనకు ఎంత అవసరమో ముందే తెలియకపోతే మొదట చవకది కొని చూడడం తెలివైన పనే. వాడి వాడి అరిగితే, దాని అవసరం ఉందని తేలినట్టు. అప్పుడు మంచిది కొనండి. ఒక్కసారి కూడా బయటికి తీయకపోతే తక్కువ డబ్బుతో బయటపడ్డట్టు.

డ్రిల్లింగ్ మెషీను, గ్రైండరు లాంటి మోటారు పనిముట్లు కొనేటప్పుడు అంగడాయన్ను ఒక్క మాట అడగండి: "అన్నా, దీనికి కార్బన్ బ్రష్షులు, స్విచ్చి, ఆర్మేచర్ ఇక్కడ దొరుకుతాయా?" దొరుకుతాయంటే మధ్యరకం మెషీను కూడా ఏళ్ళ తరబడి నడుస్తుంది, మోటార్లు చుట్టేవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. దొరకవంటే ఆ మెషీను మొదటి బ్రష్షు అరిగేదాకానే మీది. బ్యాటరీ డ్రిల్లుకు ఇదే ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి. విడిగా బ్యాటరీ దొరకని డ్రిల్లుకు బ్యాటరీ ఆయుస్సే ఆయుస్సు.

డబ్బు తక్కువగా ఉన్నవాళ్ళకు కొత్త చవక సరుకు కంటే పాత మంచి సరుకు మేలని నా గట్టి నమ్మకం. మూతపడ్డ వర్క్‌షాపుల నుంచి వచ్చిన పాత పానాలు, సుత్తులు, బెంచి వైసులు పాత ఇనుము అంగళ్ళలో దొరుకుతాయి. పాత అంగుళాల పానాల మీద 5/16డబ్ల్యూ, 3/8డబ్ల్యూ అని గుద్ది ఉంటుంది, మగ్గాలకు కావలసినవి అవే. పైన తుప్పు ఉన్నా పరవాలేదు, నోరు విచ్చుకుందా, బీట ఉందా అని మాత్రం చూడండి. వైసు అయితే స్క్రూ మరలు చూడండి, దవడలు మార్చుకోవచ్చు.

ప్రభుత్వ సాయం సంగతి కూడా చెప్పాలి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల వాళ్ళకు పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఈ-వోచర్ ఇస్తారు. వడ్రంగి, కమ్మరి, శిల్పి, తాపీమేస్త్రి, దర్జీ, తాళాలు చేసేవాళ్ళు, సుత్తులు, పనిముట్లు చేసేవాళ్ళు అందులో ఉన్నారు. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో కొయ్య బొమ్మలు చెక్కే పనివాళ్ళ లాంటి వాళ్ళకు ఇది పెద్ద ఆసరా. ఆ డబ్బు వచ్చినప్పుడు పీసులు ఎక్కువున్న కిట్టు వైపు పోకుండా, రోజూ చేతిలో ఉండే నాలుగు పనిముట్లు మంచివి ఎంచుకోండి.

ఆ 18లో మరమగ్గం నేసేవాళ్ళు లేరు. కాబట్టి మన నగరి షెడ్ల పనిముట్లు మన జేబులోంచే రావాలి. ఒక్కో షెడ్డువాళ్ళు ఒక్కో నాసిరకం సెట్టు కొనే బదులు, ఒక వీధిలోని పది షెడ్లవాళ్ళు తలా కొంత వేసుకొని ఒక మంచి సెట్టు కొనుక్కోవచ్చు. అందరికీ మగ్గాలు బాగుచేసే మెకానిక్కు అన్న ఒకరు ఎట్లాగూ ఉంటారు, ఆయన దగ్గర పెట్టండి. అందులో 1/4 నుంచి 5/8 అంగుళం దాకా విట్‌వర్త్ రింగు పానాలు, 10 నుంచి 19 దాకా మిల్లీమీటర్ల పానాలు, ఒక బేరింగ్ పుల్లరు, ఒక వెర్నియర్, 1000 వోల్టుల గుర్తున్న ప్లేయర్ ఒకటి, కంటి అద్దాలు రెండు జతలు ఉంటే చాలు. బిల్లు తీసుకొని ఆ పెట్టె మూత లోపలే అంటించి పెట్టండి.